పైనున్న సున్నా

మా నాన్న ఎజెల్ నాకు ఓటు నేర్పింది
వంటింటి బల్ల మీద, ఒక నమూనా కాగితంతో.
"ఇదంతా చదవక్కర్లేదు.
అన్నిటికన్నా పైన పార్టీ పేరు, పక్కనొక సున్నా.
అది నింపు. కిందవన్నీ వాటంతటవే నిండుతాయి."
ఇనుప ఫౌండ్రీలో రాత్రి షిఫ్టు చేసొచ్చిన చెయ్యి,
ఎంత తోమినా మసి వదలని గోళ్ళు.
పెన్ను పట్టుకుంటే మాత్రం
పసిబిడ్డకి కాటుక దిద్దుతున్నంత జాగ్రత్త.

ఆ సున్నా వెనక మా నాన్నమ్మ ఆర్వెల్లా ఉంది.
మిసిసిపీలో కోర్టు మెట్లెక్కి
ఓటరుగా పేరు రాసుకోమంటే
గుమాస్తా తలెత్తకుండానే "గురువారం రా" అన్నాడట.
పదకొండు గురువారాలు నడిచింది,
ఒకటే జత బూట్లు, లోపల అట్టముక్కలు.
పన్నెండో గురువారం అద్దె ఇంటికి తాళం పడింది.
అప్పుడే మావాళ్ళు రైలెక్కి
మిషిగన్‌లో ఈ సాగినా ఊరికొచ్చారు.

అందుకే మా ఇంట్లో పార్టీ అంటే పార్టీ కాదు.
ఇంటిపేరు.

ఫౌండ్రీ మూతపడింది.
దాని ఇసుక నాన్న ఊపిరితిత్తుల్లో మిగిలింది.
నాలుగేళ్ళకోసారి మా చర్చికి ఎవరో ఒకరొస్తారు,
చొక్కా చేతులు మడుచుకుని,
చప్పట్లలో తాళం తప్పి,
బేస్‌మెంట్‌లో వేయించిన చేప తిని
"మా వెన్నెముక మీరే" అంటారు.
నిజమే.
వెన్నెముకని ఎవరు చూస్తారు గనక,
నొప్పెడితే తప్ప.

గ్యారేజీలో ప్లాస్టిక్ బోర్డులున్నాయి, తొమ్మిది ఎన్నికలవి.
రంగు ఒకటే, పేర్లే మారాయి.
కిందటి జనవరిలో కిటికీ అద్దం పగిలితే
ఒకటి తీసి అడ్డం పెట్టాను.
చలిగాలి ఆగింది.
ఆ బోర్డు మా ఇంటికి చేసిన మొదటి పని అదే.

అవతలి పార్టీ కుర్రాడూ వచ్చాడు, సెప్టెంబర్లో.
కరపత్రం మీద నవ్వుతున్న నల్ల కుటుంబం,
ఎక్కడివాళ్ళో, అందరి పళ్ళూ ఒకే తెలుపు.
మాట్లాడినంతసేపూ నా కళ్ళలోకి చూడలేదు,
నా భుజం మీదుగా ఇంట్లోకి చూశాడు.
మంచినీళ్ళిచ్చి పంపాను.
అలిగినంత మాత్రాన దత్తత పోతామా?

మా అక్క నాడీన్ వార్డు కెప్టెన్.
ముప్పై ఏళ్ళుగా ముసలివాళ్ళని
తన వ్యాన్‌లో బూత్‌కి చేర్చే మనిషి.
"నువ్వు తటపటాయిస్తే అటువాళ్ళకి పండగ" అంది.
అందులోనూ అబద్ధం లేదు.
"నాన్న ఉంటే ఈ మాట అనేదానివా?" అని ఫోన్ పెట్టేసింది.
ఆమె మనవరాలు కెజయా మాత్రం
జడలు అల్లుకుంటూ, అద్దంలోంచే,
"వాళ్ళు మనల్ని అడగరు పిన్నమ్మమ్మా,
లెక్కేసుకుంటారు" అంది.

మంగళవారం. ప్రాథమిక బడి జిమ్.
బాస్కెట్‌బాల్ గీతల మీద అట్టగూళ్ళు వరసగా.
పెన్ను తిన్నగా ఆ పైనున్న సున్నా దగ్గరికే పోయింది,
గుర్రానికి కొట్టం దారి చెప్పాలా.
ఆపాను.
చెయ్యి వణికింది. నవ్వకండి,
నాన్న జేబులో డబ్బు తీస్తున్నట్టు వణికింది.

ఆ సున్నాని ఖాళీగా వదిలి కిందికి దిగాను.
ఒక్కో పేరూ చదివాను, పెదాలు కదుపుతూ.
జడ్జీలు. బడి బోర్డు. మురుగు కాలువల కమిషనర్.
అలాంటి పదవొకటుందని అరవై ఏళ్ళకి తెలిసింది.
వానొచ్చి బేస్‌మెంట్ మునిగినప్పుడల్లా
ఇన్నాళ్ళూ దేవుణ్ణి తిట్టుకున్నాను.
చాలాచోట్ల మా రంగుకే వేశాను.
రెండుచోట్ల వెయ్యలేదు.
ఒకచోట ఎవరికీ వెయ్యలేదు.
ఏవేవో చెప్పను.

నలభై నిమిషాలు.
వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.
మళ్ళీ నాలుగేళ్ళకి చర్చి మెట్ల దగ్గర
మడిచిన చొక్కా చేతులు కనిపిస్తే
తలెత్తకుండా చెప్పాలనిపించింది:
గురువారం రండి.

బయట నాడీన్ వ్యాన్ ఆగి ఉంది.
పెద్దాయన్నెవరినో దించుతూ నన్ను చూసింది.
"ఇంతసేపూ ఏం చేశావ్ లోపల?"
"చదివాను."
ఏమీ అనలేదు చాలాసేపు.
"సరే, ఆ వాకర్ పట్టుకో" అంది.